నేపుల్స్‌లో మూడు రోజులు: ఏం తినాలి, ఏం చూడాలి, ఏ వరుసలో

ఇటలీ వెళ్లే మనవాళ్ల ప్లాన్‌లో నేపుల్స్‌కి దక్కేది మహా అయితే ఒక పూట. రోమ్‌లో పొద్దున్నే బస్సెక్కి, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే శిథిలాలు చూసి, దారిలో ఎక్కడో ఒక పిజ్జా తిని, రాత్రికి మళ్లీ రోమ్ చేరిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లొచ్చాను. రెండోసారి అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి మూడు రాత్రులు ఉన్నాను. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఆమెకు ఎక్కడ ఏం పెట్టించాలా అని వెతకడంలోనే ఆ ఊరు నాకు అర్థమైంది.

అక్కడ తినడం ఒక పని, చూడడం ఇంకో పని కాదు. పాత ఊరు చాలా ఇరుకు. ఒక గుడికీ దాని పక్క గుడికీ మధ్య నాలుగు తినుబండారాల కొట్లుంటాయి. కాబట్టి "బెస్ట్ రెస్టారెంట్ల" లిస్టు పట్టుకుని ఊరికి ఆ చివరనుంచి ఈ చివరకు పరిగెత్తకండి. పూటకి ఒక్కటే టికెట్ ఉన్న చోటు పెట్టుకోండి. దాని చుట్టుపక్కలే, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి. కింద రాసిన ప్లాన్ అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి పని: వెళ్లేముందు

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. అది వచ్చాక ముందు చూసుకోవాల్సింది వారం. కపెల్లా సాన్సెవేరో అనే చిన్న ప్రార్థనా మందిరం, జాతీయ పురావస్తు మ్యూజియం రెండూ మంగళవారం మూసేస్తారు. ఆ రెండూ తప్పక చూడాల్సినవి కాబట్టి మంగళవారాన్ని పాంపేకి కేటాయించండి. ఆగస్టు 15 చుట్టుపక్కల వారం రోజులు ఊరివాళ్లే సెలవుకి వెళ్లిపోతారు, చాలా కొట్లు మూసి ఉంటాయి.

సాన్సెవేరో టికెట్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. అక్కడికెళ్లి కొనుక్కుందాంలే అనుకుంటే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చే ప్రమాదం ఉంది. పాంపేకి కూడా 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మందికే ప్రవేశం, టికెట్ మీద మీ పేరు ఉండాలి. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఇవ్వండి.

రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటా పది నిమిషాల్లో నేపుల్స్ చేరిపోవచ్చు. విమానంలో దిగితే అలీబస్ అనే బస్సు సెంట్రల్ స్టేషన్‌కీ, రేవుకీ తీసుకెళ్తుంది. బసకి పాత ఊరే మంచిది. స్టేషన్ దగ్గర గదులు చవకే గానీ, రాత్రిపూట పెద్దవాళ్లతో ఆ వీధుల్లో నడుస్తుంటే టెన్షన్‌గా ఉంటుంది. పాత ఊళ్లో గది తీసుకునేటప్పుడు లిఫ్ట్ ఉందా అని తప్పక అడగండి. నాలుగైదు అంతస్తుల పాత భవనాలు, ఎత్తు మెట్లు. అమ్మ మోకాళ్లు నాకు ఆ పాఠం మొదటి సాయంత్రమే చెప్పాయి.

రెండో పని: అక్కడ తినే పద్ధతి తెలుసుకోవడం

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. నేపుల్స్‌లో ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువగా తిండి దగ్గరే పడతారు.

కాఫీతో మొదలుపెడదాం. అక్కడ "బార్" అంటే మందు కొట్టు కాదు, కాఫీ కొట్టు. చాలాచోట్ల ముందు కౌంటర్‌లో డబ్బు కట్టి, ఆ చీటీ తీసుకెళ్లి కాఫీ చేసేవాడికి ఇవ్వాలి. నిలబడే తాగాలి. కూర్చుంటే అదే కాఫీకి ఎక్కువ తీసుకుంటారు. "ఉన్ కఫే" అంటే చిన్న కప్పులో, రెండు గుక్కల్లో అయిపోయే చిక్కటి ఎస్‌ప్రెసో. పక్కన చిన్న గ్లాసుతో నీళ్లిస్తారు. ఆ నీళ్లు ముందు తాగాలి, నోరు శుభ్రమై కాఫీ రుచి తెలియడానికి. "లాతే" అని అడిగితే వట్టి పాలు తెచ్చిస్తారు. పాల కాఫీ కావాలంటే కపుచినో అనండి, అదీ పొద్దుటిపూట. భోజనం తర్వాత కపుచినో తాగడం వాళ్లకి వింతగా ఉంటుంది. ఇస్తారు, కానీ ఒక చూపు చూస్తారు.

భోజనాల వేళలు మనకంటే పెద్ద తేడా ఏమీ కాదు: మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో వంటశాలలు మూసేస్తారు. సాయంత్రం ఐదింటికి ఆకలేస్తే వీధి కొట్లే దిక్కు, అవి బోలెడున్నాయి. కూర్చుని తింటే బిల్లులో "కోపెర్తో" అని మనిషికి ఒకటి రెండు యూరోలు కలుపుతారు. అది మోసం కాదు, బల్లకీ బ్రెడ్‌కీ వేసే మామూలు ఛార్జీ. ధరల పట్టీలో రాసే ఉంటుంది.

ఇక శాకాహారుల సంగతి. నేపుల్స్ శాకాహారులకి చాలా మంచి ఊరు, ఒక్క జాగ్రత్త ఉంటే. ఆ జాగ్రత్త పంది కొవ్వు. ఇటాలియన్‌లో "స్త్రుత్తో" అంటారు, నేపుల్స్ యాసలో "న్‌జోన్యా". పైకి మాంసం కనిపించని చాలా వాటిలో ఇది ఉంటుంది. బాదం, మిరియాలు వేసి చేసే తరాల్లి అనే గట్టి చేగోడీ లాంటి దాంట్లో తప్పకుండా ఉంటుంది. ఊరి పేరు నిలబెట్టిన స్ఫొల్యాతెల్లా అనే పొరల మిఠాయిలో కూడా సంప్రదాయంగా వేస్తారు. బీన్స్ పాస్తా, బంగాళాదుంప పాస్తా అని రాసి ఉన్నా లోపల పంది మాంసం ముక్కలు తగలొచ్చు. మేము మొదటిరోజు స్టేషన్ దగ్గర ఒక హోటల్లో బీన్స్ పాస్తా తెప్పించాం. అమ్మ రెండు చెంచాలు తిన్నాక గరిటెతో కలిపితే ముక్క బయటపడింది. ఆ పూట ఆమె ఇంకేమీ తినలేదు. తప్పు హోటల్‌దని కూడా అనలేను, నేను అడగలేదు.

అడగడానికి నాలుగు మాటలు చాలు. "సోనో వెజెటారియానా" (నేను శాకాహారిని, మగవాళ్లయితే చివర "వెజెటారియానో"). "సెంజా కార్నే, సెంజా పెషే" (మాంసం లేకుండా, చేప లేకుండా). "చె స్త్రుత్తో?" (ఇందులో కొవ్వు ఉందా?). చేప విడిగా చెప్పాలి. ఆంకోవీ అనే చిన్న ఉప్పుచేపల్ని వాళ్లు ఆకుకూరల్లో కూడా వేస్తారు. వాటి పేరు "అలీచి", లేదా "అచ్యూగె".

ఇంకొకటి. మెనూలో "పెపెరోని" అని కనిపిస్తే కంగారు పడకండి, అది క్యాప్సికం. కారం కావాలంటే "ఓలియో పికాంతే" అడగండి, మిరపకాయలు నానబెట్టిన నూనె ఇస్తారు. మన గొడ్డుకారంతో పోల్చలేం గానీ నాలుకకి ప్రాణం లేచొస్తుంది.

మొదటి రోజు: పాత ఊరంతా కాలినడకన

పొద్దున్న స్ఫొల్యాతెల్లాతో మొదలుపెట్టండి (కొవ్వు పట్టింపు లేనివాళ్లు). సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లో వీకో ఫెర్రోవియా అనే సందులో అత్తనాజియో అనే కొట్టుంది. పొయ్యిలోంచి తీసినవి తీసినట్టే అమ్ముతారు. సోమవారం సెలవు. రెండు రకాలుంటాయి: "రిచ్చా" అంటే కరకరలాడే పొరలది, మన మడత కాజా తిన్నవాళ్లకి వెంటనే నచ్చుతుంది, "ఫ్రోల్లా" అంటే మెత్తటి పిండిది. రెండింటి లోపలా రికోటా జున్ను, రవ్వ, నారింజ తొక్క. వేడిగా ఉన్నప్పుడే తినాలి, గంట తర్వాత అది వేరే పదార్థం.

అక్కడినుంచి వియా దెయ్ ట్రిబునాలి పట్టుకోండి. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకులు వేసిన వీధి ఇది. ఊరికి వాళ్లు పెట్టిన పేరు నెయాపొలిస్, కొత్త ఊరు అని. దీనికి సమాంతరంగా ఇంకో పొడుగాటి వీధి ఉంటుంది. ఊరిని నిలువునా చీల్చినట్టు కనిపిస్తుంది కాబట్టి దాన్ని స్పక్కానాపొలి అంటారు. ఈ రెండు వీధులూ గుర్తుంటే దారి తప్పరు. 1995లో యునెస్కో ఈ పాత ఊరు మొత్తాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారిలో ముందు దుఓమో, అంటే ఊరి పెద్ద చర్చి. ఊరిని కాచేవాడని నమ్మే సెయింట్ జెన్నారో రక్తం ఇక్కడ గాజు బుడ్డిలో గడ్డకట్టి ఉంటుంది. ఏటా మూడుసార్లు (మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబర్ 19, డిసెంబర్ 16) దాన్ని బయటికి తీస్తారు. కరిగితే ఊరికి మంచిది, కరగకపోతే కీడు అని నమ్మకం. ఆ రోజుల్లో వెళ్తే మన జాతర చూసినట్టే ఉంటుంది. చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం తెరుస్తారు, అందుకే వాటిని పొద్దున్నే చూడాలి. భుజాలు కప్పుకుని వెళ్లండి.

దుఓమోకి దగ్గర్లోనే పియో మోంతె దెల్లా మిజెరికోర్దియా అనే ధర్మసంస్థ చర్చి. బయటినుంచి చూస్తే లోపల ఏముందో అనిపించదు. లోపల కారవాజ్జో 1607లో వేసిన పెద్ద చిత్రం ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం, దాహానికి నీళ్లు, బట్టలేనివాడికి బట్ట, చనిపోయినవాడికి అంత్యక్రియ: ఏడు దయాకార్యాలన్నీ ఒక్క చీకటి సందులో, ఒకేసారి జరుగుతున్నట్టు వేశాడు. చూసి బయటికొస్తే అలాంటి సందే ఎదురుగా ఉంటుంది. నేపుల్స్‌లో మ్యూజియం కాకుండా ఒక్కటే చూడమంటే నేను దీన్ని చెబుతాను.

ఇప్పుడు పిజ్జా. పన్నెండున్నర కాకముందే క్యూలో ఉండండి.

ఇదే వీధిలో సోర్బిల్లో, ది మత్తేఓ ఉన్నాయి. 1994లో జీ-7 సమావేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పిజ్జా తిన్నది ది మత్తేఓలోనే. కాస్త దూరంలో, 1870 నాటి దా మికేలె. అక్కడ లోపలికెళ్లి నంబర్ చీటీ తీసుకుని బయట నిలబడాలి, పేరు కాదు నంబర్ పిలుస్తారు. క్యూ గంట దాటేలా ఉంటే వదిలేయండి. పక్క కొట్లో పిజ్జా కూడా మీరు అప్పటిదాకా తిన్న వాటికంటే బాగుంటుంది. ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

నేపుల్స్ పిజ్జా పిండిలో మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప ఇంకేమీ ఉండవు. కట్టెల పొయ్యి 485 డిగ్రీల వేడి మీద ఉంటుంది, అందులో నిమిషం, నిమిషంన్నర లోపే కాలిపోతుంది. అంచు పొంగి అక్కడక్కడా మాడిన మచ్చలు పడతాయి, మధ్యలో తడిగా మెత్తగా ఉంటుంది. మనకి అలవాటైన కరకరలాడే పిజ్జా కాదిది. ఉడకలేదేమో అనుకుని వెనక్కి పంపిన మనవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. ముక్కలు కోసి ఇవ్వరు, మీరే చాకుతో కోసుకోవాలి. ఒకరికి ఒక పిజ్జా లెక్క. పిజ్జా చేసేవాళ్ల ఈ పనితనాన్ని 2017లో యునెస్కో కూడా గుర్తించింది.

రకాలు బోలెడున్నా ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునేవి రెండే. మార్గరీటా: టమాటా, మోజరెల్లా, తులసి జాతి బేసిల్ ఆకు. మారినారా: టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె. "మారినారా" అంటే సముద్రపుదనే అర్థం ఉన్నా అందులో చేప ఉండదు, జున్ను కూడా ఉండదు. ఇటలీ జున్నుల్లో చాలావాటికి, పాలు విరగడానికి, దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అది కూడా వద్దనుకునే వాళ్లకి మారినారా నిశ్చింత. అమ్మ మూడు రోజుల్లో నాలుగుసార్లు తిన్నది. జున్ను పట్టింపు లేకపోతే కొంచెం ఎక్కువ కట్టి గేదెపాల మోజరెల్లాతో చేయించుకోండి, "కాన్ బూఫలా" అనాలి. కంపానియా ప్రాంతంలో గేదెల్ని పెంచి, వాటి పాలతోనే చేసే జున్ను అది. గేదెపాల చిక్కదనం తెలిసిన మన నాలుకకి తేడా మొదటి ముద్దలోనే పట్టుబడుతుంది.

టేబుల్ దొరకకపోతే "పిజ్జా అ పోర్తఫోల్యో" ఉంది. చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టిస్తారు. నడుస్తూ తినేయడమే. నూనెలో వేయించే పిజ్జా ఫ్రిత్తా కూడా వీధి తిండే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకులకి కరువొచ్చి, ఆడవాళ్లు ఇంటి గుమ్మాల్లో మూకుడు పెట్టి వేయించి అమ్మేవారు. అప్పట్లో ఇవాళ తిని ఎనిమిది రోజులకి డబ్బిచ్చేవారు. పిజ్జా ఫ్రిత్తాలో మామూలుగా పంది మాంసం ఉంటుంది, వద్దంటే తీసేస్తారు గానీ నూనె మాత్రం అదే.

మధ్యాహ్నం ఎండలో భూమి కిందికి దిగండి. సాన్ గయెతానో కూడలిలో నాపొలి సోత్తెర్రానియా ప్రవేశం ఉంది. ఊరు కట్టడానికి గ్రీకులు కింద రాయి తవ్వారు, ఆ బొరియల్ని రోమన్లు నీటి కాలువలుగా మార్చారు, 1943లో బాంబులు పడుతుంటే జనం అక్కడే తలదాచుకున్నారు. దాదాపు 40 మీటర్ల లోతు. ఒకచోట ఒళ్లు పక్కకి తిప్పి నడవాల్సినంత ఇరుకు, ఇరుకంటే భయపడేవాళ్లు ఆ ముక్క వదిలేయొచ్చు.

పైకొచ్చాక సాన్సెవేరో. జుజెప్పె సాన్మార్తీనో 1753లో చెక్కిన "ముసుగు కప్పిన క్రీస్తు" ఇక్కడుంది. చనిపోయిన శరీరం మీద పల్చటి బట్ట, ఆ బట్ట కింద నుదుటి నరం, ముక్కు పుటాలు కనిపిస్తాయి. బట్టా శరీరమూ కలిపి ఒకే పాలరాయి. ఫోటోలు తీయనివ్వరు, అదే మేలయింది. అందరూ నిశ్శబ్దంగా చూస్తూ నిలబడతారు.

సాయంత్రం సాన్ గ్రెగోరియో ఆర్మెనో వీధి. ఏసు పుట్టిన పశువులపాక బొమ్మల కొలువు తయారుచేసే కళాకారుల వీధి ఇది, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. కొండపల్లి బొమ్మల్లో ఊరి వృత్తులన్నీ ఉన్నట్టు ఇక్కడా రొట్టెలు కాల్చేవాడు, చేపలమ్మేవాడు, పిజ్జా చేసేవాడు కనిపిస్తారు. ఎర్రటి మిరపకాయ లాంటి కొమ్ము ఒకటి ప్రతి కొట్లో వేలాడుతుంటుంది. మనం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతామే, అదే పని దీనిదీ, దిష్టి తగలకుండా. ఎవరికి వాళ్లు కొనుక్కుంటే పనిచేయదట, ఇంకొకరు ఇవ్వాలట. నేను అమ్మకి, అమ్మ నాకు కొనిచ్చాం.

రెండో రోజు: మ్యూజియం, సానితా, కొండ

జాతీయ పురావస్తు మ్యూజియంకి మూడు గంటలు పెట్టుకోండి. పాంపేలో దొరికిన మంచి చిత్రాలు, పాత్రలు, మొజాయిక్‌లు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. పాంపే కంటే ముందు దీన్ని చూస్తే, ఆ ఖాళీ గోడల మీద ఏముండేదో అక్కడ ఊహించుకోగలుగుతారు. రొట్టెలు పంచుతున్న మనిషి గోడచిత్రం ఒకటుంది, అందులో ఎనిమిది ముక్కలుగా గీతలు పెట్టిన గుండ్రటి రొట్టెలు చూడండి. కింది అంతస్తులో ఫార్నేసె ఎద్దు అనే శిల్పం, ప్రాచీన కాలం నుంచి మనకి మిగిలిన వాటిలో అతి పెద్దదిగా చెబుతారు.

మనవాళ్లు వదలకూడనిది సీక్రెట్ కేబినెట్ అనే గది. పాంపేలో 1938లో దొరికిన భారతీయ దంతపు బొమ్మకి చోటిచ్చింది అక్కడే. జానెడు పొడవు ఉంటుంది. ఒంటినిండా నగలు, జడ, పక్కన ఇద్దరు చెలికత్తెలు. మొదట లక్ష్మి అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు చాలామంది యక్షి అంటున్నారు. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్ (ఇప్పటి మహారాష్ట్ర) దగ్గర చేసి ఉండొచ్చని పండితుల అభిప్రాయం. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేని పూడ్చేసేటప్పటికే దక్కన్ నుంచి ఓడెక్కి ఇంత దూరం వచ్చిందన్నమాట. అమ్మ ఆ అద్దం ముందునుంచి చాలాసేపు కదల్లేదు. ఒక్క హెచ్చరిక: ఆ గదిలో మిగతావన్నీ రోమన్ల శృంగార చిత్రాలు, బొమ్మలు. పిల్లలతో, పెద్దలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి.

మధ్యాహ్న భోజనానికి మ్యూజియం వెనక సానితా పేటలోకి నడవండి. పేదపేట, నటుడు తోతో పుట్టిన పేట. ఇక్కడ ఏ చిన్న ట్రాటోరియాలో (ఇంటి తరహా భోజనశాల) కూర్చున్నా "పార్మిజానా ది మెలన్జానె" అడగండి. వంకాయ ముక్కలు వేయించి, టమాటా గుజ్జు, జున్ను పొరలు పొరలుగా పేర్చి పొయ్యిలో కాలుస్తారు. వంకాయని ఇంత గౌరవించే ఊరు మన గోదావరి జిల్లాల తర్వాత ఇదేనేమో. పక్కన "ఫ్రియారియెల్లి", వెల్లుల్లితో వేయించిన చిరుచేదు ఆకుకూర. మాంసం తినేవాళ్లు "జెనొవేజె" వదలకండి. గంటల తరబడి మగ్గిన ఉల్లిపాయల్లో గొడ్డుమాంసం, పేరు జెనోవాది, వంట మాత్రం నేపుల్స్‌ది. మాంసం ఏమిటో తెలిసి ఎంచుకోండి.

తర్వాత సాన్ జెన్నారో భూగర్భ సమాధులు. గైడ్‌తోనే వెళ్లాలి. 2006లో ఈ పేట కుర్రాళ్లు లా పరాంజా అని సహకార సంఘం పెట్టుకుని, వీటిని శుభ్రం చేసి, వాళ్లే చూపిస్తున్నారు. మాకు చూపించిన అమ్మాయి తన పేట గురించి మాట్లాడిన తీరు, అక్కడి చిత్రాలకంటే ఎక్కువ గుర్తుంది.

సూర్యాస్తమయానికి వోమెరో కొండ ఎక్కండి. వియా తొలేదో దగ్గర 1928 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఫ్యునికులర్ ఉంది, తాడుతో లాగే రైలు. పైన సాన్ మార్తీనో మఠం ముందునుంచి ఊరు, సముద్రం, వెసూవియస్ ఒకే చూపులో కనిపిస్తాయి. దిగడానికి పెదమెంతీనా అనే మెట్లదారి బాగుంటుంది, 414 మెట్లు. మోకాళ్లు బాగుంటేనే. తొలేదో మెట్రో స్టేషన్‌లో రైలెక్కే పని లేకపోయినా కిందికి దిగి చూడండి, నీలిరంగు మొజాయిక్‌తో సముద్రంలోకి దిగుతున్నట్టుంటుంది.

మూడో రోజు: పాంపేనా, ఎర్కొలానోనా

సెంట్రల్ స్టేషన్ కింద చిర్కుంవెసువియానా అనే లోకల్ రైలు ఎక్కాలి. జనం కిక్కిరిసి ఉంటారు, బ్యాగు ముందుకి వేసుకోండి. పాంపేకి నలభై నిమిషాలు, అదే పేలుడులో పూడిపోయిన ఎర్కొలానో (హెర్క్యులేనియం)కి ఇరవై. నడవగలిగితే పాంపే. అక్కడ వేడి వంటలమ్మే కొట్టు ఒకటి 2020లో పూర్తిగా బయటపడింది. అరుగులో గుండిగలు దించే గుంటలు, అరుగు మీద బాతు, కోడి బొమ్మలు, రెండు వేల ఏళ్ల కిందటి మెనూ. పెద్దవాళ్లుంటే ఎర్కొలానో మేలు. చిన్నది, నీడ ఉంటుంది. మాడిన చెక్క తలుపులు, మంచాలు కూడా నిలిచి ఉన్నాయి. టోపీ, నీళ్ల సీసా తీసుకెళ్లండి. అక్కడి కుళాయి నీళ్లు తాగొచ్చు.

సాయంత్రం తిరిగొచ్చి సముద్రపొడ్డున నడవండి. ఒక నిమ్మకాయ గ్రనీతా (ఐసు తురుము) చాలు ఆ పూటకి. మిఠాయి కావాలంటే బాబా ఉంది, కానీ దాన్ని రమ్ములో నానబెడతారు. తాగనివాళ్లు, పిల్లలు ఉంటే సాన్ దొమేనికో కూడలిలో స్కతుర్కియోలో వేరేవి చూసుకోండి.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి అంటే గ్రన్యానో ఊరి పాస్తా, ఎండిన ఓరెగానో కొమ్మలు, కాఫీ పొడి. మోజరెల్లా మాత్రం అక్కడే తినేసి రండి. నీళ్లలో ఉంటుంది కాబట్టి చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్ట్ తనిఖీలో తీసేసే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ మెత్తదనం పోతుంది. చివరి రోజు పొద్దున్న ఒక్కటి కొనుక్కుని, గదిలోనే, రెండు టమాటాలు కోసుకుని తినండి.